ఎవరికీ పనికిరాని చావు

పంచాయతీ ఎన్నికల రోజులు. సూర్యాపేటలో లింగస్వామి ఫ్లెక్సీ దుకాణంలో కాలు మోపడానికి చోటు లేదు. ఉంగరం గుర్తు, కత్తెర గుర్తు, బ్యాటు గుర్తు పక్కన పెట్టుకొని నమస్కారాలు పెడుతున్న కాబోయే సర్పంచులు గోడల నిండా వేలాడుతున్నారు. ఆ నమస్కారాల నడుమ రాణి గంటసేపటి నుంచి నిలబడి ఉంది. చేతిలో ఫోను, ఫోనులో ఒక స్త్రీ ముఖం. తన వంతు రాగానే దానిని లింగస్వామి ముందుకు జరిపింది.

"నివాళి ఫ్లెక్సీ కావాలె, లింగన్నా. ఈ ఆదివారానికి నలభై దినాలైతయి, చిన్న సభ పెడ్దామనుకుంటున్న."

లింగస్వామి కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి చూశాడు. "ఎవరు సిస్టర్? మన దిక్కోళ్ళు గానట్టున్నదే."

"నా దోస్తు. హలీమా. సూడాన్ దేశం, ఎల్ ఫాషిర్ పట్నం. సౌదీల జెద్దా దవాఖానల పదకొండేండ్లు నేను, ఆమె ఒక్క వార్డులనే చేసినం."

"ఎట్ల వోయింది?"

"సంపిండ్రు."

లింగస్వామి నోటిలోని వక్కపలుకు నమలడం ఆపాడు. కంప్యూటరు ముందుకు జరిగి ఫోటో ఎక్కించుకొని పేరు కొట్టాడు. ఊరి పేరు రెండుసార్లు అడిగి కొట్టాడు. తరువాత చెయ్యి ఆపి వెనక్కి తిరిగాడు.

"కింద ఎవరి పేర్లు పెట్టాలె?"

"ఎవరియీ వద్దు."

"గట్ల నడవది సిస్టర్. శోకతప్తులని రాసి కింద ఎవరో ఒకరు ఉండాలె. ఏడ్చేటోడు లేని ఫ్లెక్సీ పొద్దుగాల కడితే పొద్దుమీకి ఉండది. మున్సిపాలిటోళ్ళు గుంజేస్తరు, లేకుంటె ఎవడన్న ఎన్నికలోడు దాని మీదనే తనది కడ్తడు. నలుగురికి తెలిసిన పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు పేర్లిస్తె ఇగ దాన్ని ముట్టేటోడుండడు."

అందులో అబద్ధం లేదు. ఈ జిల్లాల్లో చచ్చినవారికంటే వారి కింద వరుసగా నిలబడే బతికున్నవారి బొమ్మలే పెద్దవి. చావు ఎంతటిదో కింది వరుసను బట్టి తెలుస్తుంది. రాణి సరేనంది. సూర్యాపేటలో ఒకరు, కోదాడలో ఒకరు, మిర్యాలగూడలో ఒకరు ఆమె మనసులో అప్పుడే మెదిలారు. ముగ్గురూ ఆమె మాట తీసివేయలేనివారే. అలా అనుకోవడమే ఆమె చేసిన తప్పు.

రాణిది నిడమనూరు. కూలినాలి చేసుకొనే క్రైస్తవ కుటుంబం. మిర్యాలగూడలో నర్సు చదువు చదివి, కోదాడలో మూడేళ్ళు, జెద్దాలో పదకొండేళ్ళు పనిచేసి ఇప్పుడు సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో పెద్ద నర్సుగా ఉంది. జెద్దాలో అడుగుపెట్టిన మొదటి నెలలో అరబ్బీ ముక్క రాక, రోగి బంధువు ఏదో అడిగితే ఇంకేదో తెచ్చి ఇచ్చి అందరి చేతా చీవాట్లు తింటున్న రోజుల్లో, పక్కన నిలబడి ఒక్కొక్క మాటా నేర్పింది హలీమా. మనిషి పొడగరి. చిక్కటి నలుపు. నవ్వితే వార్డు చివరి మంచం దాకా వినబడేది. తల్లికి పక్షవాతం వచ్చిందని తెలిసి ఉద్యోగం వదులుకొని ఎల్ ఫాషిర్‌కు తిరిగిపోయి, అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో చేరింది.

ఆ తరువాత యుద్ధం. ఏడాదిన్నర పాటు ఆ పట్నాన్ని చుట్టుముట్టిన ఆర్.ఎస్.ఎఫ్. అనే సాయుధ మూకలు చివరికి ఊరి చుట్టూ ఎత్తైన మట్టికట్ట పోశాయి. బయటికి పోబోయినవాణ్ణి ఆ కట్ట దగ్గర కాల్చారు. లోపల ఉన్నవాణ్ణి ఆకలికి వదిలారు. ఎప్పుడో ఒకసారి సిగ్నలు దొరికినప్పుడు హలీమా గొంతు మాత్రం ఫోనులో వచ్చేది. పల్లీల నుంచి నూనె పిండగా మిగిలే చెక్క తింటున్నామని ఒకసారి చెప్పింది. అది వినగానే రాణికి నిడమనూరులో బర్రెల ముందు నానబెట్టిన కుండ కళ్ళకు కట్టి, ఆ పూట అన్నం దిగలేదు. అక్టోబరు ఇరవై ఐదున వచ్చింది కడపటి కబురు. రాణి దాన్ని ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు.

"రాణీ, ఇద్దరు జనరళ్ళ కొట్లాట అని మీ టీవీలు చెబుతాయి. కాదు. ఇంటికి వచ్చి మీరేం జాతి అని అడుగుతున్నారు. మా జగావా జాతి అంటే చంపుతున్నారు. చంపడం ఒక ఎత్తు, ఎవరికీ తెలియకుండా చంపడం ఇంకొక ఎత్తు. మీ ఊళ్ళో చెప్పు. నా పేరుతో చెప్పు. మార్చి చెప్పకు."

మరునాడు పట్నం కూలింది. రెండు రోజులకు ఆ ప్రసూతి ఆసుపత్రిలో రోగులూ, తోడున్నవాళ్ళూ కలిపి నాలుగు వందల అరవై మందికి పైగా చంపబడ్డారన్న వార్తను ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. హలీమా ఆ రోజు డ్యూటీలో ఉన్నదనీ, బాలింత మంచం పక్కనే పోయిందనీ, కాలినడకన దగ్గరి ఊరు తవీలాకు చేరిన మరొక నర్సు జెద్దా స్నేహితురాళ్ళ వాట్సాప్ గుంపులో రెండు వాక్యాలు రాసింది. అంతే. ఆ రెండు వాక్యాలు చదివిన పూట సూర్యాపేటలో ఏమీ ఆగలేదు. బస్సులు ఆగలేదు, ఫంక్షన్ హాళ్ళ ముందు బ్యాండు ఆగలేదు. అది రాణికి ఆశ్చర్యం కాదు. ఒక్క నోరైనా ఆ ఊరి పేరు పలకకపోవడమే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

*

పాస్టరు సాంసన్ చర్చి పక్కనున్న కమ్యూనిటీ హాలులో క్రిస్మసు నక్షత్రాలు కట్టిస్తున్నాడు. మనసు మంచిదే. రాణిని చూడగానే కుర్చీ తెప్పించి, ఆదివారం సభకు హాలు, ఫ్లెక్సీకి పేరు కావాలని ఆమె అడిగింది విన్నాడు.

"హాలు నీదే అనుకో రాణమ్మా. నా పేరు గూడ పెట్టుకో. సూడాన్‌ల మనోళ్ళను ఎంత గోస వెడ్తుండ్రో వాట్సాపుల రోజు వస్తనే ఉన్నది."

"మనోళ్ళంటె ఎవరు, అయ్యగారూ?"

"ఎవరేంది? విశ్వాసులు."

"హలీమా ముస్లిం. ఎల్ ఫాషిర్ల దగ్గెర దగ్గెర అందరు ముస్లింలే. సంపినోళ్ళు గూడ ముస్లింలే. గాడ మతం అడుగుతలేరు, జాతి అడుగుతుండ్రు."

సాంసన్ చేతిలోని నక్షత్రం బల్ల మీదికి దిగింది. దాని దారాన్ని వేలికి చుట్టుకున్నాడు.

"మరి సంఘం అడుగుతది గదమ్మా, ఇది మన హాలుల ఎందుకని. ఒక పని జేద్దాం. ఆమె పేరు జర పక్కకు వెడదాం. సూడాన్‌ల హింస పడుతున్న మన సహోదరులని రాద్దాం. ప్రార్థన ప్రార్థననే గద. దేవునికి తెలుస్తది ఎవరి కోసమో."

"దేవునికి తెల్సుడు కోసం కాదయ్యగారూ, సూర్యాపేటకు తెల్సుడు కోసం అడుగుతున్న."

"కోపం జేసుకోకు."

"మీ అమ్మకు గర్భసంచి ఆపరేషనైన నాడు రక్తం దొరకక పరేషానైతిరి. అద్దరాత్రి వచ్చి ఇచ్చిన పిల్ల పేరు రుక్సానా. ఆ పేరు జర పక్కకు వెట్టి ఎక్కియ్యమని మీరు నాకు చెప్పిండ్రా?"

సాంసన్ ముఖం ఎర్రబడింది. తప్పు తెలిసినవాడి ఎరుపే అది, కాని తప్పు తెలియడం వేరు, దిద్దుకోవడం వేరు. "హాలు ఆదివారం సండే స్కూలోళ్ళకు కావాలన్నరమ్మా" అన్నాడు. రాణి లేచింది. గుమ్మం దాటుతుంటే వెనుక నుంచి "నీ కోసం ప్రార్థన చేస్త" అన్న మాట వినబడింది. ఆ మాట ఆమె వీపున రాయిలా తగిలింది.

*

కోదాడలో అభినవ్‌కు బస్టాండు వెనుక మేడ మీద రెండు గదుల యూట్యూబు ఛానలు ఉంది. ఇసుక లారీల మీదా, కల్తీ విత్తనాల మీదా నోరు విప్పిన మొనగాడని మూడు ఊళ్ళలో పేరు. అతని చిన్నతనంలో డెంగీ జ్వరానికి పది రోజులు సెలైను పెట్టింది రాణే. ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. కాగితం మీద రాసుకున్నాడు కూడా.

"ఘోరమండి సిస్టర్. నిజంగా ఘోరం. కానీ ఒకటి చెప్పండి, థంబ్‌నెయిల్ ఎలా పెట్టాలి?"

"అంటె?"

"చంపినవాళ్ళు ముస్లింలు, చనిపోయినవాళ్ళూ ముస్లింలే అంటున్నారు. గాజా అనుకోండి, ఇటు తిట్టేవాళ్ళుంటారు, అటు తిట్టేవాళ్ళుంటారు, కామెంట్లు కొట్టుకుంటూనే ఉంటారు. దీనికి రెండు వైపులా మనవాళ్ళెవరూ లేరండి. ఎవడు కొట్టుకుంటాడు దీని కోసం?"

"కొట్టుకునుడు కోసం గాదు బాబూ. తెల్సుకునుడు కోసం."

"తెలుసుకోవడానికి ఎవరూ క్లిక్ చెయ్యరండి." అతను నొచ్చుకుంటూనే అన్నాడు. "పోనీ ఇలా చేద్దాం. సౌదీలో తెలుగు నర్సు పడ్డ కష్టాలని మీ మీద ఒక అరగంట చేద్దాం. మీరు ఏడవాలి కూడా, కొంచెం. చివర్లో ఆవిడ గురించి ఒక నిమిషం వేస్తా. ఒట్టు."

"నాకు సౌదీల కష్టమే కాలేదు. కష్టమైన రోజుల హలీమా ఉండె."

"అది చెబితే ఎవరు చూస్తారండి!"

రాణి మెట్లు దిగింది. మిర్యాలగూడ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఒకడికి ఆ చావు ప్రార్థనకు పనికిరాలేదు. ఇంకొకడికి పగకు పనికిరాలేదు. అంటే ఈ దేశంలో ఒక శవానికి ఏడ్పు దొరకాలంటే ముందు అది ఎవరో ఒకరి చేతికర్ర కావాలి. ఇంకొకరి నెత్తిన మొత్తడానికి వాటం కుదరాలి. అలా కుదరని శవాన్ని కుక్కలకు వదిలివేయవచ్చు. ఎల్ ఫాషిర్ వీధుల్లో ఏం జరిగిందో ఆకాశం నుంచి ఉపగ్రహాలు ఫోటోలు తీశాయి. నేల మీద ఎర్రటి మరకలు అంత ఎత్తు నుంచి కనబడ్డాయి. నేల మీద నడిచేవాళ్ళకే కనబడలేదు.

*

నాగేశ్వర్ రావు రైసు మిల్లు మిర్యాలగూడ ఊరి వెలుపల ఉంది. ఆవరణ అంతా ఉడికిన వడ్ల వాసన, ఊక ధూళి. ఆయన తల్లి మంచాన పడ్డ ఏడు నెలలూ రాణి సెలవు దినాల్లో వచ్చి పుండ్లు కడిగింది. ఆ కృతజ్ఞత ఆయనకు ఉంది. భార్య జయమ్మ చాయ తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"రాణీ, నువ్వు ఇంత దూరం రావాల్నా బిడ్డా? ఫోన్ చేస్తే చాలదా? మూడు ఊళ్ళల్ల పెద్ద ఫ్లెక్సీలు నేను వేయిస్త. సభకు వచ్చినోళ్ళకు భోజనం గూడ పెడదాం. ఏం రాస్తున్నవో చూపించు."

మూడు రోజుల్లో మొదటిసారి రాణి గుండె తేలికపడింది. మడత విప్పి కాగితం ఇచ్చింది. ఆయన జేబు నుంచి పెన్ను తీసి, సరుకు నాణ్యం చూసే మనిషి చూపుతో, ఒక్కొక్క వాక్యం మీద నిలబడి చదివాడు.

"జాతి నిర్మూలన. ఇది పెద్ద మాట. విషాద సంఘటనలు అందాం." పెన్ను ఒక గీత గీసింది.

"సార్, అది విషాద సంఘటన గాదు. బస్సు బోల్తా పడితె విషాద సంఘటన."

"విను ముందు. ఇదేంది, ఆయుధాలు ఎమిరేట్స్ మీదుగా పోతున్నయని?"

"ఐక్యరాజ్యసమితి నిపుణులే ఆ మాట నమ్మదగినదన్నరు. ఆ దేశం కాదంటున్నది. అది గూడ కిందనే రాసిన, సూడుండ్రి."

"కాదంటున్నరు గదా, మరి మనకెందుకు? మన బియ్యం కొనే పార్టీలన్నీ దుబాయ్‌లనే కూసున్నరు బిడ్డా. రేపు ఎవడో ఫోటో తీసి పంపుతడు, నాగేశ్వర్ రావు ఫ్లెక్సీ అని." ఇంకొక గీత. ఈసారి అడ్డంగా కాదు, వాక్యం కనబడకుండా గజిబిజిగా. "పల్లిచెక్క తిన్నరనేది బాగలేదు. అసహ్యంగ ఉంటది. తిండి కరువు అందాం. పేరు ఉండనీ, కాని ఈ జగావా అదీ తీసేద్దాం, ఎవరికి అర్థమైతది?"

పెన్ను ఆగినప్పుడు కాగితం మీద మిగిలిందల్లా ఆఫ్రికాలో ఆకలి, మా సానుభూతి అన్నంత వరకే. కింద ఆయన తన పేరు రాసి చుట్టూ డబ్బా గీశాడు. ఫోటో అక్కడ రావాలని గుర్తు.

జయమ్మ చాయ గ్లాసు దించింది. "ఏందండీ ఇది? బియ్యానికి పట్టినట్టు సచ్చినోళ్ళకు గూడ పాలిష్ పడుతున్నరు!"

"నువ్వు ఊకో. నీకేం తెలుసు."

జయమ్మ ఊరుకుంది. రాణి ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసింది. ఇంకొక మాట వస్తుందేమోనని ఆశ. రాలేదు. ఒక్కమాట అనేసి ఊరుకోవడం ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా నడుస్తున్న సర్దుబాటు.

రాణి కాగితం తీసుకొని మడిచింది. "సార్, మీ అమ్మగారి పుండు మీద బట్ట కప్పి మంచిగనే ఉన్నదని నేను చెప్పిపోతె, ఆమె ఎన్ని దినాలు బతుకుతుండె?"

"అది వేరు, ఇది వేరు."

"ఒకటే. లోపల కుళ్ళుతది."

"మంచికి పోతే చెడు ఎదురైందట" అని ఆయన వెనుక నుంచి అంటుండగానే ఆమె గేటు దాటింది.

*

శనివారం పొద్దున రాణి లింగస్వామి దుకాణానికి పోయింది. పేర్లు దొరకలేదు, అచ్చు వద్దని చెప్పడానికే పోయింది. ఆయన అప్పటికే తయారు చేసి పెట్టానంటూ తెరను ఆమె వైపు తిప్పాడు.

తెర మీద ఎవరో తెల్లటి స్త్రీ నవ్వుతోంది. బుగ్గల మీద గులాబి రంగు. పెదవులు సన్నబడ్డాయి. నుదురు మెరుస్తోంది.

"ఎవరీమె?"

"అదేంది సిస్టర్, మీ దోస్తే. జర గ్లో ఇచ్చిన."

"ఎందుకిచ్చినవ్?"

"అందరికీ ఇస్తం. మస్తు నల్లగున్నది గద పాపం. ఉన్నది ఉన్నట్టు ఏస్తె మా అమ్మ గిట్లుండెనా అని మీది మీదికొస్తరు జనం. మొన్న పెన్‌పహాడ్ ముసలాయనకు..."

"లింగన్నా!"

ఆ కేకకు దుకాణంలో ఉన్న సర్పంచి అభ్యర్థులు తలలు తిప్పారు. నాలుగు రోజులుగా మింగుతూ వచ్చినదంతా ఒక్కసారి రాణి నోట వెళ్ళింది.

"ఆ రంగు సూసే సంపిండ్రు ఆమెను! నల్లముండా, బానిసదానా అనుకుంట సంపుతుండ్రని అక్కడికెల్లి తప్పించుకొచ్చినోళ్ళు చెప్తుండ్రు. వాండ్లు మనిషిని సంపిండ్రు, నువ్వు రంగును సంపినవ్. నీకు తుపాకి లేదు గాని చేసిన పని అదే! ఒక్కడు మతం మార్చమన్నడు. ఒక్కడు కథ మార్చమన్నడు. ఇంకొకడు మాటలు మార్చిండు. నువ్వు ముఖమే మారిస్తివి! ఆమె ఏం పాపం జేసిందని మీకందరికి? సచ్చినంక గూడ ఆమె ఆమె లెక్క ఉండొద్దా?"

లింగస్వామి తెర వైపు చూశాడు, ఫోనులోని అసలు ఫోటో వైపు చూశాడు. ఆయనా నలుపే, ఎండకు పండిన నేరేడు నలుపు. కొంచెం సేపటికి మౌసు పట్టుకొని, వేసిన మెరుగులు ఒక్కొక్కటే వెనక్కి తీశాడు. గులాబి పోయింది. పెదవులు నిండాయి. చివరికి హలీమా వచ్చింది, చిక్కటి నలుపుతో, వార్డు చివరి దాకా వినబడే నవ్వుతో.

"ఇరవై ఏండ్ల సంది చేస్తున్న సిస్టర్. ఎవరు అడగలే, నేను ఆలోచించలే." కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. "కింద ఒక్క మీ పేరే పెడుత. గుంజితె గుంజనీ."

*

చుట్టిన ఫ్లెక్సీని చంకలో పెట్టుకొని ఆమె డ్యూటీకి వచ్చింది. వార్డు తుడుస్తున్న ఆయమ్మ లచ్చమ్మ చీపురు ఆపి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది సిస్టరమ్మా, నాల్గొద్దుల సంది సూస్తున్న. నిప్పుల మీద నడుస్తున్నట్టున్నవ్. ఎవల మీద ఈ కోపం?"

రాణి చెప్పింది. చెప్పకూడదనుకుంటూనే అంతా చెప్పింది. లచ్చమ్మ విన్నంతసేపూ చీపురు కదపలేదు. విన్నాక అన్నది మాత్రం హలీమా గురించి కాదు.

"పాస్టరయ్యను అడిగినవ్. టీవీ పిలగాన్ని అడిగినవ్. మిల్లు సేటు కాడికి బస్సెక్కి పోయినవ్. రోజు నీ పక్కన్నే ఊడ్చేదాన్ని, నన్నడిగినవా?"

రాణి చంకలోని ఫ్లెక్సీని తీసి బల్ల మీద పెట్టింది.

"నా పేరు పెడితె ఎవడు సూడడని అడగలే. గదే గద?" లచ్చమ్మ మూతి ముడిచింది. "రేపొద్దుగాల ఆరుకొట్టంగ కూలీల అడ్డా మీదికి రా. ఐతారం నేను గూడ పత్తికి పోత. గా బొమ్మ పట్టుకొని రా. ముప్పై మందిమి ఉంటం. నువ్వు నాకు జెప్పినట్టు జెప్పు."

*

ఆదివారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. అడ్డా మీద తలలకు తువ్వాళ్ళు చుట్టుకొని, సద్దిగిన్నెలు ఒడిలో పెట్టుకొని ఆడవాళ్ళు గద్దెల మీద కూర్చున్నారు. పెన్‌పహాడ్ దిక్కు పత్తి ఏరడానికి పోవలసిన బండి ఇంకా రాలేదు. రాణి ఫ్లెక్సీ విప్పి కరెంటు స్తంభానికి ఆనించి పట్టుకుంది. తరువాత మొదలుపెట్టింది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. మట్టికట్ట గురించి చెప్పింది.

"ఏం తిన్నరమ్మా మరి, అన్ని దినాలు?" ఒక ముసలామె అడిగింది. పేరు వెంకటమ్మ.

"పల్లిచెక్క."

"బర్లకు వెట్టేదా?"

"అదే. కడాకు అది గూడ దొరకలే."

వెంకటమ్మ చేయి తన సద్దిగిన్నె మీదికి పోయి అక్కడే ఆగింది. రాణి ఆసుపత్రి సంగతి చెప్పింది. బాలింతల మంచాలు చెప్పింది. మీరేం జాతి అని అడగడం చెప్పింది. ఆ ప్రశ్న ఏమిటో అక్కడి ఆడవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

"తుపాకులు ఎవడిచ్చిండు వాండ్లకు?"

రాణి ఉన్నదున్నట్టు చెప్పింది, దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ వైపు వేలు చూపినవారిని, కాదంటున్న దేశాన్ని. ఒక పడుచు ఆమె ఉలిక్కిపడింది. "మా ఇంటాయన దుబాయ్‌లనే ఉన్నడక్కా. తాపీ పని."

"ఇటుక వెట్టేటోడు వేరు, తుపాకి అమ్మేటోడు వేరు. నువ్వు గుబులువడకు" అని లచ్చమ్మ లేచింది. కొంగు నడుముకు దోపింది. "ఇగ సాలు జెప్పుడు. సిస్టరమ్మా, ఆమెను ఏమనాలె?"

"అంటె?"

"వరుస. వరుస లేకుంట నోరెట్ల లేస్తది? అక్కనా, చెల్లెనా?"

"నాకు అక్క."

"అయితె మాకూ అక్కనే."

లచ్చమ్మ వంగి రోడ్డు పక్కన దుమ్ము గుప్పిట నిండా ఎత్తింది. దుమ్మెత్తి పోసి శాపాలు పెట్టడం ఈ సీమలో అన్యాయం జరిగిన ఆడది కోర్టుకు పోయేముందు చేసే పని. తరతరాలుగా ఆమెకు దొరికిన కోర్టూ అదే. మిగతావాళ్ళూ వంగారు.

"ఓ మా హలీమక్కా! నిన్ను పొట్టనవెట్టుకున్నోడు పురుగులువడి సావ! వాని ఇల్లు మొండిగోడలు గాను! వాని పిల్లలు..."

"పిల్లలొద్దు!" రాణి ఆమె మణికట్టు పట్టుకుంది. "లచ్చమ్మా, పిల్లలను అనకు. వాండ్లు చేసింది అదే. పిల్లలను గూడ వదలలే."

లచ్చమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "పిల్లలను తియ్యకుంట తిట్టెట్లయితది?" అంది అయోమయంగా. ఆమె తల్లి తిట్టింది, తల్లి తల్లి తిట్టింది. వంశం మీద పడకుండా ఏ శాపమూ ఇంతవరకు ఆమె నోట వెళ్ళలేదు. వెంకటమ్మ పక్క నుంచి అంది: "చేతులను తిట్టవే. చేసినయి చేతులు గద."

లచ్చమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచినప్పుడు గొంతు మారింది.

"తుపాకి వట్టిన చెయ్యి పడిపోను! ఏం జాతని అడిగిన నోట్లె మన్నువడ! తుపాకి అమ్మినోనికి తిన్నది అరగకపోను! సూసి సూడనట్టు కూసున్నోళ్ళ కండ్లల్ల, మా కండ్లల్ల గూడ, దుమ్ము వడ!"

ముప్పై గుప్పిళ్ళు ఒక్కసారి లేచాయి. ఎర్రటి దుమ్ము మంచులో నిలిచి అందరి నెత్తిన పడింది. హలీమక్కా అని ఒకరు, ఎల్ ఫాషిరూ అని ఒకరు. నోరు తిరగని పేరును వాళ్ళు నమిలి, వంచి, తమ గొంతులకు సరిపెట్టుకొని అరుస్తున్నారు. చాయ బండి దగ్గరివాళ్ళు గ్లాసులు పట్టుకొని ఇటు వచ్చారు. పాలప్యాకెట్లు వేసే మనిషి స్కూటరు ఆపాడు. ఏమైందని అడిగినవాడికి అడ్డా ఆడవాళ్ళే జవాబు చెబుతున్నారు, ఒకరి మాట ఒకరు అందుకుంటూ. రాణి కళ్ళలో నీళ్ళు లేవు. ఉన్నది కోపమే.

అప్పుడు వచ్చింది పత్తి కూలీల ట్రాలీ ఆటో. నడిపే ధన్‌సింగ్ హారను మీద నుంచి చెయ్యి తీయకుండా అరిచాడు.

"ఏం లొల్లి ఇది? ఎక్కుండ్రి ఎక్కుండ్రి! పత్తి మీ కోసం ఆగుతదా? ఎవడు సచ్చిండని ఈ దుమ్ము?"

ఎవరూ ఎక్కలేదు. లచ్చమ్మ దుమ్ము చేతులతోనే పోయి బండి ముందు నిలబడింది.

"ధన్‌సింగూ, ఇంజిను బంద్ జెయ్యి. దిగు."

"ఎందుకే?"

"దిగి ఇను. ఇన్నంక పోదాం. ఇనకుంట ఈ బండి కదలది."

ధన్‌సింగ్ గొణిగాడు. వాచీ చూసుకున్నాడు. ముప్పై ముఖాలు చూశాడు. చివరికి తాళంచెవి తిప్పాడు. ఇంజిను ఆగింది. అతను దిగి, చేతులు కట్టుకొని, స్తంభం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

రాణి ఫ్లెక్సీని సరిగ్గా నిలబెట్టి, మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.